కొట్టుకునే గుండెలోనే కనిపించేవి: అరుదైన కవాట లోపాలు, ఎకో, ఆపరేషన్

ఆపరేషన్ బల్ల మీద సర్జన్ గుండె కవాటాన్ని, అంటే వాల్వ్‌ను, కళ్లారా చూసే సమయానికి గుండె ఆగిపోయి ఉంటుంది. రక్తం హార్ట్-లంగ్ మెషిన్‌లోకి మళ్లి ఉంటుంది. గుండె గదులు ఖాళీగా, మెత్తగా పడి ఉంటాయి. మందిచ్చి నిలిపిన కండరంలో కదలిక ఉండదు. అప్పుడు కవాటం రేకుల రంగు కనిపిస్తుంది, మందం తెలుస్తుంది, ఎక్కడ చిరిగిందో ఎక్కడ అతుక్కుందో తడిమి చూడవచ్చు. ఆ కవాటం ఎలా పనిచేస్తోందో మాత్రం కనిపించదు. సిరంజితో సెలైన్ నింపి రేకులు మూసుకుంటున్నాయా అని సర్జన్ పరీక్షిస్తారు, అది ఉపయోగపడే పరీక్షే. కానీ నిండా రక్తంతో నిమిషానికి 80 సార్లు కొట్టుకునే గుండెకు అది సాటి రాదు.

అందుకే కవాటం నడకను ముందే చూసి పెట్టుకోవాలి. ఆ పని చేసేది ఎకో, అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్. రుమాటిక్ జ్వరం వల్ల ఇరుకైన మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమ వైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండేది) లాంటి మామూలు జబ్బుల్లో, ఎకోలో ఒకటి రెండు వివరాలు తగ్గినా సర్జన్ అనుభవం ఆ లోటు పూడుస్తుంది. అలాంటివి వాళ్లు వందల్లో చూసి ఉంటారు. అరుదైన లోపాల్లో ఆ ధీమా ఉండదు. ఒకే పేరున్న జబ్బు ఇద్దరు పిల్లల్లో ఒకేలా ఉండదు. అక్కడ ఎకో గదిలో గడిపిన గంటను ఆపరేషన్‌లో మొదటి గంటగా లెక్కపెట్టడమే సరైనది.

అసలు ఎకో పుట్టిందే ఈ అవసరం కోసం. 1950ల మొదట్లో ఇరుకైన మైట్రల్ వాల్వ్‌ను తెరిచే ఆపరేషన్లు ఐరోపాలో ఊపందుకున్నాయి. ఇరుకుతో పాటు పెద్ద లీక్ కూడా ఉన్నవాళ్లకు ఆ ఆపరేషన్ మేలు కన్నా కీడే చేసేది. ఎవరికి చేయాలో, ఎవరికి చేయకూడదో ముందే ఎలా తేల్చాలి? స్వీడన్‌లోని లుండ్‌లో పనిచేసే కార్డియాలజిస్ట్ ఇంగె ఎడ్లర్‌ను ఈ ప్రశ్న వేధించింది. ఆయన హెల్ముట్ హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్తతో చేయి కలిపారు. లోహంలో పగుళ్లు వెతకడానికి మాల్మో ఓడల కర్మాగారంలో వాడే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని అడిగి తెచ్చుకుని, 1953లో గుండె గోడల కదలికను మొదటిసారి రికార్డు చేశారు. 1977లో ఇద్దరికీ లాస్కర్ అవార్డు వచ్చింది. అప్పటి తెర మీద కదిలే గీతలు మాత్రమే ఉండేవి. ఇప్పుడు కవాటమంతా మూడు కొలతల్లో, రంగుల్లో కనిపిస్తోంది. వైద్యుల ప్రశ్న మాత్రం అప్పటిదే: కత్తి పట్టాలా వద్దా, పడితే ఎక్కడ?

కవాటం అంటే సంస్కృతంలో తలుపు రెక్క. ఈ అవయవానికి ఇంతకన్నా నప్పే మాట దొరకడం కష్టం. తలుపు సరిగ్గా పడాలంటే రెక్క ఒక్కటే బాగుంటే చాలదు. ద్వారబంధం వంకర లేకుండా ఉండాలి, బందులు ఉండాల్సిన చోట ఉండాలి, గోడ ఒరగకూడదు. మైట్రల్ వాల్వ్‌కు రింగు ఉంటుంది, దానికి రెండు రేకులు వేలాడతాయి. రేకుల అంచుల నుంచి సన్నటి దారాలు కిందికి దిగి, జఠరికలోని, అంటే కింది గదిలోని, రెండు కండర స్తంభాలకు ముడిపడి ఉంటాయి. కుడి వైపు రెండు గదుల మధ్య ఉండే ట్రైకస్పిడ్‌కు మూడు రేకులు, దారాలు, స్తంభాలు. ఎడమ జఠరిక నుంచి బృహద్ధమనిలోకి తెరుచుకునే అయోర్టిక్ వాల్వ్ తీరు వేరు: దారాలు లేవు, మూడు చిన్న గిన్నెల్లాంటి రేకులు ఒకదానికొకటి ఆనుకుని మూసుకుంటాయి.

రిపోర్టులో ‘సివియర్ లీక్’ అని రాసి ఉంటే తలుపు సరిగ్గా పడటం లేదని మాత్రమే తెలిసినట్టు. రెక్క విరిగిందా, బందు ఊడిందా, ద్వారబంధం వెడల్పయిందా, గోడే ఒరిగిందా? ఫ్రాన్స్ సర్జన్ అలెన్ కార్పెంటియర్ మైట్రల్ లీకులను చూసే తీరునే మార్చారు. ఎంత కారుతోందన్నదాని కన్నా రేకులు ఎలా కదులుతున్నాయన్నది ముందు చూడమన్నారు. కదలిక మామూలుగానే ఉండి కారుతోందా, రేకు హద్దు దాటి కర్ణికలోకి, అంటే పై గదిలోకి, ఎగురుతోందా, కదలలేక బిగుసుకుపోయిందా అన్నదాన్ని బట్టి మూడు తరగతులు పెట్టారు. ఒక్కో తరగతికి రిపేర్ పద్ధతి వేరు. లీక్ ఎంతన్నది ఆపరేషన్ అవసరమా అన్న ప్రశ్నకు జవాబు. ఏ ఆపరేషన్ అన్న ప్రశ్నకు జవాబు రేకుల కదలికలో ఉంది.

అరుదైన లోపాల్లో ఈ తేడా ఎంత ముఖ్యమో ఎబ్‌స్టైన్ లోపం చూపించినంత బాగా మరొకటి చూపించదు. 1866లో బ్రెస్లావ్ నగరంలో, అంటే ఇప్పటి పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్‌లో, విల్హెల్మ్ ఎబ్‌స్టైన్ అనే వైద్యుడు 19 ఏళ్ల కూలీ చనిపోయాక అతని గుండెను పరిశీలించి ఈ లోపాన్ని వర్ణించారు. సుమారు 20,000 మంది శిశువుల్లో ఒకరికి వస్తుంది. పుట్టుకతో వచ్చే గుండె లోపాలన్నిటిలో ఇది ఒక శాతం కూడా ఉండదు.

పిండం దశలో ట్రైకస్పిడ్ రేకులు కుడి జఠరిక లోపలి గోడ నుంచి పొరలా ఊడి వచ్చి ఏర్పడతాయి. ఎబ్‌స్టైన్‌లో ఆ ఊడటం మధ్యలో ఆగిపోతుంది. ద్వారబంధం ఉన్నచోటే ఉంటుంది, తలుపు బందులు మాత్రం గది లోపలికి జరిగి గోడకు అతుక్కుని ఉంటాయి. అంటే గదిలో ముందు భాగం వరండాలో కలిసిపోయింది. జఠరికలో ఒక ముక్క పనికి రాకుండా కర్ణికలో భాగమైపోతుంది, మిగిలిన చిన్న గది మొత్తం పంపింగ్ భారాన్ని మోయాలి. తలుపేమో సరిగ్గా మూసుకోదు.

రోగ నిర్ధారణ ఎకోలో సులువే. మామూలు గుండెలో కూడా ట్రైకస్పిడ్ సెప్టల్ రేకు, అంటే మధ్య గోడకు అతుక్కునే రేకు, మైట్రల్ కన్నా కాస్త కిందనే ఉంటుంది. ఆ దూరం శరీర ఉపరితలంలో ప్రతి చదరపు మీటరుకు 8 మిల్లీమీటర్లు దాటితే ఎబ్‌స్టైన్ అంటారు. నాలుగు గదులూ కనిపించే ఒక్క దృశ్యంలో ఈ కొలత దొరుకుతుంది. చాలా రిపోర్టులు ఇక్కడితో ఆగిపోతాయి. సర్జన్‌కు కావాల్సింది ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ముందు వైపు రేకు, అంటే యాంటీరియర్ లీఫ్లెట్, సాధారణంగా తన చోటు తప్పదు. పైగా పడవ తెరచాపలా పెద్దగా పెరిగి ఉంటుంది. రిపేర్‌కు గుడ్డ అంతా అక్కడి నుంచే రావాలి. కాబట్టి దాని అంచు స్వేచ్ఛగా ఊగుతోందా, జఠరిక గోడకు అక్కడక్కడా అతుక్కుని ఉందా అని చూడాలి. అందులో చిల్లులు ఉన్నాయా? సెప్టల్ రేకు కొంతయినా మిగిలి ఉందా, గోడకు అంటిన మరకలా మిగిలిందా? లీక్ ఒక్క చోట నుంచి వస్తోందా, రెండు మూడు చోట్ల నుంచా? పనిచేసే జఠరిక ఎంత మిగిలింది, దాని కండరం బలంగా ఉందా? కర్ణికల మధ్య రంధ్రం ఉందా, ఉంటే రక్తం ఏ వైపు పోతోంది? ఎబ్‌స్టైన్ ఉన్నవాళ్లలో చాలామందికి ఆ రంధ్రం ఉంటుంది. దాని గుండా చెడు రక్తం ఎడమ వైపుకు పోతే పెదవులు నీలంగా మారతాయి. రక్తం ఎటు, ఎంత వేగంగా పోతోందో రంగుల్లో చూపే డాప్లర్‌లో అది తేలకపోతే, బాగా గిలక్కొట్టిన సెలైన్‌ను చేతి నరంలోకి ఎక్కించి, ఆ బుడగలు ఎటు వెళ్తున్నాయో తెర మీద చూస్తారు.

ఈ ప్రశ్నలకు జవాబులు దొరికితేనే కోన్ రిపేర్ సాధ్యమా కాదా అన్నది తేలుతుంది. బ్రెజిల్ సర్జన్ జోసే పెడ్రో డా సిల్వా 1993లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. గోడకు అతుక్కున్న రేకులను సర్జన్ పొరలా విడదీసి, పక్కకు తిప్పి, ఒకదానికొకటి కుట్టి శంఖువు ఆకారంలో గొట్టంగా చేస్తారు. ఆ గొట్టం పై అంచును అసలు ద్వారబంధానికి, అంటే ట్రైకస్పిడ్ రింగు ఉండాల్సిన చోటుకు, తెచ్చి కుడతారు. ఏళ్లుగా తప్పుచోట వేలాడిన తలుపు మళ్లీ గడప దగ్గరికి వస్తుంది. పిండం దశలో సగంలో ఆగిన పనిని సర్జన్ పూర్తి చేయడం ఇది, అందుకే ఈ ఆపరేషన్ మీద ప్రత్యేకమైన గౌరవం కలుగుతుంది. ముందు రేకు చాలినంత లేకపోతే, ఉన్నా గోడకు పూర్తిగా అంటుకుపోతే, ఈ పని కష్టమవుతుంది. కుడి జఠరిక మరీ బలహీనంగా ఉంటే, శరీరం పై భాగం నుంచి వచ్చే చెడు రక్తాన్ని నేరుగా ఊపిరితిత్తుల ధమనికి కలిపే గ్లెన్ అనే అదనపు దారి వేసి దాని భారం తగ్గిస్తారు. ఇది థియేటర్‌లో హఠాత్తుగా తీసుకునే నిర్ణయం కాకూడదు. ఎకో, ఎమ్మారై కలిపి చూసి ముందే అనుకుని ఉండాలి. ఎబ్‌స్టైన్ ఉన్న కొందరిలో గుండె దడ పుట్టించే అదనపు కరెంటు దారులు కూడా ఉంటాయి, కాబట్టి ఈసీజీని పక్కన పెట్టుకుని ఎకో చదవాలి.

పుట్టిన రెండు మూడు రోజుల పసికందులో ఎబ్‌స్టైన్ అయితే ఎకో చేసేవాళ్ల మీద భారం మరీ ఎక్కువ. అప్పటికి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం ఇంకా దిగి ఉండదు. బలహీనమైన కుడి జఠరిక ఆ పీడనాన్ని నెట్టలేక, ఊపిరితిత్తుల ధమని మొదట్లో ఉండే పల్మనరీ వాల్వ్ తెరుచుకోదు. చూడటానికి ఆ వాల్వ్ పుట్టుకతోనే మూసుకుపోయినట్టు ఉంటుంది. నిజంగా మూసుకుపోయి ఉంటే ఆపరేషన్‌తోనో, రక్తనాళం గుండా పంపే సన్నటి గొట్టమైన కాథెటర్‌తోనో దారి చేయాల్సి రావచ్చు. తెరిచే బలం లేక మూసి ఉంటే, మందులతో బిడ్డను నిలబెట్టి కొద్ది రోజులు ఆగితే అదే తెరుచుకోవచ్చు. రెండింటినీ విడదీసే గుర్తు చాలా చిన్నది: పల్మనరీ వాల్వ్ నుంచి వెనక్కి కారే సన్నటి రంగు చార ఒక్కటి కనిపించినా ఆ వాల్వ్‌లో దారి ఉన్నట్టే. ఆ చారను ఓపికగా వెతికి పట్టుకున్న కన్ను ఒక పసికందును అనవసరమైన ఆపరేషన్ నుంచి కాపాడగలదు.

మైట్రల్ వైపు అరుదైన లోపాల్లో పారాచ్యూట్ వాల్వ్ ఒకటి. రెండు స్తంభాలకు ముడిపడాల్సిన దారాలన్నీ ఒక్కదానికే చేరతాయి. గొడుగు తాళ్లన్నీ ఒకే ముడిలోకి లాగినట్టు రేకులు సరిగా విచ్చుకోవు, రక్తం దారాల సందుల్లోంచి దూరుకుంటూ పోవాలి. జఠరికను అడ్డంగా కోసినట్టు చూపించే దృశ్యంలో రెండు స్తంభాల చోట ఒక్కటే కనిపిస్తే అనుమానించాలి. ఈ లోపం ఒంటరిగా రావడం తక్కువ. 1963లో జాన్ షోన్ బృందం వర్ణించిన సముదాయంలో నాలుగు అడ్డంకులు ఉన్నాయి: మైట్రల్ పైన ఒక పొర, పారాచ్యూట్ వాల్వ్, అయోర్టిక్ వాల్వ్ కింద ఇరుకు, బృహద్ధమనిలో నొక్కు. రక్తం వెళ్లే ఒకే దారిలో వరసగా నాలుగు చెక్‌పోస్టులు అన్నమాట.

ఇక్కడ కొలతలు మోసం చేస్తాయి. డాప్లర్‌తో రక్తం వేగం కొలిచి, ఆ వేగాన్ని దానితోనే గుణించి, మళ్లీ నాలుగుతో గుణిస్తే పీడన తేడా వస్తుంది. సెకనుకు 4 మీటర్ల వేగం ఉంటే తేడా, బీపీ కొలిచే పాదరసం కొలతలో, 64 మిల్లీమీటర్లు. లెక్క సులువు, కానీ అడ్డంకి దగ్గరికి రక్తం నిండుగా వస్తేనే ఆ అంకెను నమ్మవచ్చు. మొదటి చెక్‌పోస్టులోనే వాహనాలు ఆగిపోతే మూడోదాని దగ్గర రద్దీ కనిపించదు. అలాగని మూడోది విశాలంగా ఉందని కాదు. మైట్రల్ ఇరుకుతో పాటు కర్ణికల మధ్య పెద్ద రంధ్రం ఉంటే, రక్తం ఆ రంధ్రం గుండా తప్పించుకుపోతుంది, మైట్రల్ దగ్గర అంకె చిన్నదిగా వస్తుంది. రంధ్రం మూసేసిన మర్నాడు అసలు ఇరుకు బయటపడుతుంది. ఎబ్‌స్టైన్‌లో ట్రైకస్పిడ్ దాదాపు తెరిచే ఉన్నప్పుడు, లీక్ వేగాన్ని బట్టి ఊపిరితిత్తుల పీడనం లెక్కకట్టడం కూడా తప్పుదారి పట్టిస్తుంది. కాబట్టి అరుదైన లోపాల్లో అంకె కన్నా ఆకారానికి ఎక్కువ విలువ ఇవ్వాలి. రెండూ పొసగకపోతే ఆకారాన్నే నమ్మి, అంకె ఎందుకు తేడాగా వచ్చిందో వెతకాలి.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో తరచుగా కనిపించే ఏవీ కెనాల్ లోపం అంత అరుదు కాదు. అందులోని కొన్ని రూపాలు మాత్రం చాలా అరుదు, వాటిలో ఎకో పొరపాటు పడితే ఆపరేషన్ కూడా పొరపాటు పడుతుంది. ఈ పిల్లల్లో గుండె మధ్య గోడలో పెద్ద ఖాళీ ఉండి, రెండు వాల్వుల బదులు ఒకటే ఉమ్మడి వాల్వ్ ఉంటుంది. సర్జన్ ప్యాచ్‌తో గోడ కట్టి, వాల్వ్‌ను రెండుగా పంచుతారు. ఎడమ వైపు భాగంలో రేకుల మధ్య మిగిలే చీలికను మామూలుగా కుట్టేస్తారు, కుట్టకపోతే లీక్ మిగులుతుంది. కానీ ఎడమ జఠరికలో ఒకే స్తంభం ఉన్నా, వాల్వ్‌కు రెండో చిన్న ద్వారం ఉన్నా, ఆ చీలికను పూర్తిగా కుడితే రక్తం పోయే దారే ఇరుకైపోతుంది. అక్కడ కొంచెం లీక్‌ను ఒప్పుకోవడమే మంచిది. స్తంభాలు ఎన్ని అన్న ఒక్క వాక్యం రిపోర్టులో లేకపోతే, అందరికీ మేలు చేసే కుట్టు ఈ బిడ్డకు కీడు చేస్తుంది.

ఇంకో చిక్కు, ఒక వాల్వ్ దారాలు జఠరికల మధ్య రంధ్రం దాటి అవతలి గదిలో ముడిపడటం. పక్కింటి దూలానికి మన ఇంటి ఉయ్యాల కట్టినట్టు. ఆ రంధ్రాన్ని ప్యాచ్‌తో మూయబోతే దారాలు అడ్డొస్తాయి, కత్తిరిస్తే వాల్వ్ ఊడుతుంది. కొందరిలో రెండు జఠరికలనూ వేరు చేసే ఆపరేషన్ ఆలోచననే వదులుకోవాల్సి వస్తుంది. సీటీలో ఎముకలు, ధమనులు, కాల్షియం బ్రహ్మాండంగా కనిపిస్తాయి గానీ, కదులుతూ ఉండే దారపు పోగులు అంత బాగా కనిపించవు. అవి కనిపించేది ఎకోలోనే.

అయోర్టిక్ వాల్వ్ సంగతి కాస్త క్లుప్తంగా. మూడు రేకుల బదులు రెండు ఉండటం జనాభాలో 1 నుంచి 2 శాతం మందికి ఉంటుంది, దాన్ని అరుదు అనలేం. ఒకే రేకు, నాలుగు రేకులు నిజంగా అరుదు. నాలుగు రేకుల వాల్వ్ మూసుకున్నప్పుడు అడ్డంగా చూస్తే గుణకారం గుర్తులా కనిపిస్తుంది, మధ్యలో చిన్న సందు మిగిలి అక్కడి నుంచి కారుతుంది. వీళ్లలో గుండెకు రక్తమిచ్చే కరోనరీ ధమనుల ద్వారాలు కూడా కొందరికి చోటు మారి ఉంటాయి. కొత్త వాల్వ్ కుట్టేటప్పుడు ఆ ద్వారం మూసుకుపోతే ప్రమాదం కాబట్టి, సర్జన్‌కు అది ముందే తెలిసి ఉండాలి.

ఛాతీ మీద ప్రోబ్ పెట్టి చేసే ఎకో పిల్లల్లో చాలా బాగా వస్తుంది. ఛాతీ పలచగా ఉంటుంది కాబట్టి ఎక్కువ ఫ్రీక్వెన్సీ వాడవచ్చు, ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ బొమ్మ స్పష్టంగా వస్తుంది, లోతు మాత్రం తగ్గుతుంది. పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఒళ్లు ఎక్కువ ఉన్నవాళ్లలో, ఊపిరితిత్తుల గాలి అడ్డొస్తుంది. గాలిని అల్ట్రాసౌండ్ దాటలేదు. అప్పుడు అన్నవాహిక గుండా పంపే ప్రోబ్‌తో చేసే టీఈఈ అక్కరకొస్తుంది. అన్నవాహిక సరిగ్గా ఎడమ కర్ణిక వెనక నుంచే పోతుంది, కాబట్టి మైట్రల్ వాల్వ్ చేతికందేంత దగ్గరగా కనిపిస్తుంది. 2007 ప్రాంతంలో అప్పటికప్పుడు మూడు కొలతల్లో చూపించే టీఈఈ ప్రోబులు వచ్చాక సర్జన్, కార్డియాలజిస్ట్ మాట్లాడుకునే తీరే మారింది. ఎడమ కర్ణికను తెరిచి పైనుంచి చూస్తే మైట్రల్ ఎలా కనిపిస్తుందో, తెర మీద అలాగే తిప్పి చూపిస్తారు. దీన్ని సర్జన్స్ వ్యూ అంటారు. రేపు తాను చూడబోయే దాన్ని ఈ రోజే, అదీ కదులుతుండగా సర్జన్ చూస్తారు.

త్రీడీకి తనవైన లోపాలున్నాయి, వాటిని దాచడం రోగికి మంచిది కాదు. నాణ్యమైన త్రీడీ బొమ్మ కోసం యంత్రం కొన్నిసార్లు నాలుగైదు గుండె చప్పుళ్ల ముక్కలను కలిపి కుడుతుంది. రోగి ఊపిరి పీల్చినా, గుండె లయ తప్పినా ఆ అతుకుల దగ్గర రేకు విరిగినట్టు కనిపిస్తుంది. పలచటి రేకు కిరణానికి సమాంతరంగా ఉంటే ప్రతిధ్వని రాదు, అక్కడ చిల్లు ఉన్నట్టు తెర మీద ఖాళీ కనిపిస్తుంది. అందుకే త్రీడీలో కనిపించిన ప్రతి చిల్లునూ మామూలు ఎకోలో, రంగుల డాప్లర్‌లో సరిచూడాలి. రక్తం దూకని చోట చిల్లు లేనట్టే. కుడి జఠరిక పరిమాణం, బలం కచ్చితంగా తెలియాలంటే ఎమ్మారై, కాల్షియం పేరుకున్న చోట్లు తెలియాలంటే సీటీ కావాలి. ఎకో అన్నీ చేసేస్తుందనడం దానికి మర్యాద కాదు.

థియేటర్‌లో మత్తు ఇచ్చాక టీఈఈ మళ్లీ చేస్తారు. ఇక్కడొక పాత ఉచ్చు ఉంది. మత్తులో బీపీ తగ్గుతుంది, గుండెకు ఎదురయ్యే ఒత్తిడి తగ్గుతుంది, దాంతో మైట్రల్ లీక్ నిన్నటి కన్నా చిన్నదిగా కనిపిస్తుంది. ‘లీక్ మధ్యస్థంగానే ఉంది, ముట్టుకోవద్దు’ అనిపించవచ్చు. మెలకువగా, నడిచి తిరిగేటప్పటి ఎకోలో కనిపించిందే ఆ మనిషి అసలు పరిస్థితి. లీక్ ఎంతన్నది ముందటి ఎకోతోనే నిర్ణయించి, థియేటర్ ఎకోను వాల్వ్ నిర్మాణం చూడటానికి వాడుకోవాలి. మత్తు డాక్టర్ మందుతో బీపీని మామూలు స్థాయికి తెచ్చి మళ్లీ చూడటం కూడా ఉంది.

రిపేర్ ముగిసి, గుండె మళ్లీ కొట్టుకోవడం మొదలయ్యాక వచ్చే కొన్ని నిమిషాలు అందరికీ టెన్షనే. అందరి కళ్లూ ఎకో తెర మీదే ఉంటాయి. లీక్ ఎంత మిగిలింది, దారి ఇరుకైందా, ఎడమ జఠరిక బయటి దారికి మైట్రల్ రేకు అడ్డం పడుతోందా? ఈ చివరిది రేకులు పొడవుగా, గది చిన్నగా ఉన్నవాళ్లలో వచ్చే ఇబ్బంది. రేకు పొడవులు, రేకులు కలిసే చోటు నుంచి మధ్య గోడకు ఉన్న దూరం ముందే కొలిచి ఉంటే, ఎవరికి రావచ్చో చాలావరకు ఊహించవచ్చు. ఆ దూరం 2.5 సెంటీమీటర్ల లోపు ఉంటే జాగ్రత్త పడతారు. వచ్చినా చాలాసార్లు ద్రవాలు ఎక్కించి, గుండెను గట్టిగా కొట్టించే మందులు తగ్గిస్తే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే మళ్లీ మెషిన్ మీదికి వెళ్లి సరిచేయాలి. రెండోసారి వెళ్లడం ఎవరికీ ఇష్టం ఉండదు, కానీ లోపాన్ని లోపలే వదిలి కుట్లు వేయడం కన్నా అదే మేలు. టీఈఈ ప్రోబ్ పట్టనంత చిన్న బిడ్డ అయితే, స్టెరైల్ కవర్ తొడిగిన ప్రోబ్‌ను నేరుగా గుండె మీదే పెట్టి చూస్తారు.

ఇంత శ్రమ ఎందుకు, వాల్వ్ మార్చేస్తే పోలేదా? చెన్నైలో ఎకో గది బయట కూర్చున్న తెలుగు కుటుంబాల్లో తరచుగా ఉండే ప్రశ్న ఇదే: ‘మారుస్తారా డాక్టర్ గారూ, బాగు చేస్తారా?’ మెటల్ వాల్వ్ గట్టిదే. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ తయారు చేసిన చిత్ర వాల్వ్‌ను 1990లో తొలిసారి మనిషికి అమర్చారు, దేశీయంగా తయారవడంతో ఎంతోమందికి అందుబాటులోకి వచ్చింది. కానీ మెటల్ వాల్వ్ పెట్టుకున్నవాళ్లు జీవితాంతం రక్తం పలచబరిచే మాత్ర వేసుకోవాలి, రక్తం గడ్డకట్టే తీరును చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. తోటకూర, పాలకూర లాంటి ఆకుకూరలు మానక్కర్లేదు గానీ, ఒక వారం రోజూ తిని మరో వారం అసలు తినకపోతే మాత్ర లెక్క తప్పుతుంది. ఆ మాత్ర గర్భంలోని బిడ్డకు హాని చేయగలదు, కాబట్టి ఆడపిల్లల విషయంలో మరింత ఆలోచించాలి. జంతు కణజాలపు వాల్వ్‌కు ఆ బాధ తక్కువ, కానీ చిన్న వయసులో త్వరగా పాడవుతుంది. ఏదైనా సరే, బిడ్డతో పాటు పెరగదు. నాలుగేళ్ల బిడ్డకు పెట్టిన వాల్వ్ పద్నాలుగేళ్ల వయసుకు చాలదు. సొంత రేకులతో చేసిన రిపేర్ పెరుగుతుంది. అందుకే రిపేర్ సాధ్యమా అన్న ప్రశ్న మీద అన్ని గంటలు పెట్టడం.

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట, తిరుపతి, చిత్తూరు ప్రాంతాల వాళ్లకు గుండె ఆపరేషన్ అంటే ముందు గుర్తొచ్చే ఊరు చెన్నై. సెంట్రల్ స్టేషన్‌లో దిగితే ఎదురుగానే రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ హాస్పిటల్. ఎగ్మూరులో ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి. గ్రీమ్స్ రోడ్డులో చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన ప్రతాప్ సి. రెడ్డి 1983లో ప్రారంభించిన అపోలో. మొగప్పేరులో మద్రాస్ మెడికల్ మిషన్. ఈ దారిలో వచ్చే కుటుంబాలు ఊళ్లో చేయించిన ఎకో కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో భద్రంగా తెస్తాయి. అందులో రెండు నిశ్చల చిత్రాలు, కొన్ని అంకెలు, కింద ఒక వాక్యం ఉంటాయి. ఇక్కడ మళ్లీ ఎకో చేయాలనగానే ‘మొన్ననే చేయించాం కదా’ అనే బాధ కలుగుతుంది. డబ్బు గుంజడానికే అనే అనుమానం కూడా వస్తుంది. ఆ బాధ అర్థం చేసుకోదగ్గదే. కానీ మొదటి ఎకో జబ్బు ఉందా లేదా అన్నది తేల్చడానికి చేసింది, రెండోది కుట్టు ఎక్కడ పడాలో తేల్చడానికి. పావుగంటలో మొదటిది అయిపోతే రెండోదానికి గంట పట్టవచ్చు. పసిపిల్లలు కదిలితే బొమ్మలు చెడతాయి కాబట్టి నిద్ర సిరప్ ఇచ్చి చేస్తారు, అందుకోసం కొన్ని గంటలు పాలు, ఆహారం ఆపమంటారు. ఊరి నుంచి తెల్లవారుజామున బయల్దేరే తల్లికి ఈ మాట ముందు రోజే ఫోన్‌లో, ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పడం ఆసుపత్రి బాధ్యత.

పాత ఎకో వృథా అని కాదు. కాగితం కన్నా కదిలే బొమ్మలకు విలువ ఎక్కువ. సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో ఎకో వీడియోలు అడిగి తీసుకుంటే, ఆరు నెలల కిందట జఠరిక ఎంత ఉండేదో ఇప్పుడెంతయిందో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. అడగడానికి మొహమాట పడక్కర్లేదు. అలాగే డాక్టర్‌ను తెలుగులోనే సూటిగా అడగదగ్గ మాటలు కొన్ని ఉన్నాయి: లీక్ ఎందుకు వస్తోంది, రేకులు రిపేర్‌కు సరిపోతాయా, సరిపోకపోతే రెండో మార్గం ఏంటి, ఈ వీడియోలు ఆపరేషన్ చేసే సర్జన్ స్వయంగా చూశారా. చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. పుట్టుకతో వచ్చే లోపాలకు ఆపరేషన్లు చేసే మంచి కేంద్రాల్లో కార్డియాలజిస్టులు, సర్జన్లు, మత్తు డాక్టర్లు ఒకే గదిలో కూర్చుని ఒక్కో బిడ్డ ఎకోను తెర మీద నడిపించి చూస్తారు. ‘ఈ రేకు ఇక్కడ అతుక్కుంది’ అని ఒకరంటే ‘మళ్లీ వెనక్కి తిప్పండి’ అని ఇంకొకరు అంటారు. రిపోర్టులో రాయలేనివి ఆ గదిలోనే బయటపడతాయి.

ఇంటికి పంపే ముందు ఇంకొక ఎకో చేస్తారు. అప్పటికి బిడ్డ మెలకువగా ఉంటుంది, బీపీ తన మామూలు స్థాయిలో ఉంటుంది, మందుల ప్రభావం తగ్గి ఉంటుంది. మిగిలిన లీక్ ఎంత, కుట్టిన రింగు దగ్గర రక్తం వేగం ఎంత, గుండె చుట్టూ నీరు చేరిందా అన్నవి అందులో రాస్తారు. ఇక మీదట తిరుపతిలోనో నెల్లూరులోనో చేసే ప్రతి ఎకోనూ దీనితోనే పోల్చాలి. అందుకని ఆ రోజు తీసుకున్న వీడియోల కాపీ, డిశ్చార్జ్ కాగితాలతో పాటే ఇంటికి వెళ్లాలి.